పుష్యమాసంలో పెద్దవాళ్ల చావులు: చలి వల్లా, లేమి వల్లా?

గౌతమి గట్టు (డిసెంబరు 28, రాత్రి 9:40)

మాది ముమ్మిడివరం వైపు లంక ఊరు. ఈ నెలంతా మా ఊళ్లో వరసగా దినాలే. "పండగ దాటితే పెద్దాళ్లకి మళ్ళీ ఏడాదిదాకా భయం లేదు" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి చలికాలంలో పోవడం అనేది ఎవరికీ వింతగా అనిపించదు.

ఈసారి నాకు తట్టింది వేరే సంగతి. ఊళ్లో డాబాల్లో కూడా ఎనభై దాటినవాళ్లు బాగానే ఉన్నారు. పోతున్నవాళ్లు మాత్రం ఎక్కువగా కాలవ గట్టు మీదవాళ్లు, పేటలోవాళ్లు. వయసు చూస్తే అరవై, అరవై అయిదు. కారణం ఏంటని అడిగితే "పెద్దతనం అండి" అంటారు. అరవై రెండు పెద్దతనం ఎలా అవుతుంది?

చలికాలం చావులకీ పేదరికానికీ సంబంధం ఉందా అని ఎవరైనా గట్టిగా చూశారా? డెల్టాలో ఉన్నవాళ్లు మీ ఊరి సంగతి చెప్పండి. వైద్యం తెలిసినవాళ్లు ఉంటే ఇంకా మంచిది.

వశిష్ఠ (డిసెంబరు 28, రాత్రి 10:15)

గౌతమి గారూ, బాధ అర్థమైంది కానీ మన దగ్గర చలి ఎక్కడండీ? లంబసింగిలో చలి అంటే సరే. మన తీరంలో జనవరి తెల్లవారుజామున కూడా 20కి అటూ ఇటూ ఉంటుంది. వాతావరణ శాఖ తీరప్రాంతానికి శీతల గాలులు ప్రకటించాలంటే కనిష్ఠం 15 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, పైగా మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పడిపోవాలి. అలాంటిది మనకి ఎప్పుడో గానీ రాదు.

మా తాతగారు జనవరిలోనే పోయారు. ఆయనకి లోటు ఏమీ లేదు. ముసలితనంలో ఏ చిన్న మార్పూ తట్టుకోలేరు, అంతే. ప్రతిదానికీ పేదరికం అంటే అసలు కారణం పక్కకి పోతుంది.

పల్మో రాజమండ్రి (డిసెంబరు 29, ఉదయం 6:50)

నేను ఊపిరితిత్తుల డాక్టర్‌ని. వశిష్ఠ గారు అడిగింది సరైన ప్రశ్నే. 20 డిగ్రీలకి మనిషి పోతాడా?

చలి వల్ల చావు అనగానే రోడ్డు పక్కన బిగుసుకుపోయిన మనిషి గుర్తొస్తాడు. జాతీయ నేర గణాంకాల్లో "చలికి గురై మరణం" అని లెక్కేసేది అలాంటివాటినే. అవి కొద్ది. అసలు సంఖ్య గుండెపోటు, పక్షవాతం, నిమ్ము అనే పేర్లలో కలిసిపోతుంది. చల్లగాలి తగలగానే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం కాస్త చిక్కబడుతుంది, గడ్డకట్టే గుణం ఎక్కువవుతుంది. గుండెకి సంబంధించినవి చలి పెరిగిన రెండు మూడు రోజుల్లోనే కనిపిస్తాయి. ఊపిరితిత్తులవి వారం పది రోజుల తర్వాత వస్తాయి. అప్పటికి చలి తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి ఎవరూ చలితో కలిపి చూడరు.

2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 13 దేశాలు, 384 ప్రాంతాలు, 7 కోట్ల 40 లక్షల మరణాలు. వాటిలో చలికి ఆపాదించినవి 7.29 శాతం, వేడికి 0.42 శాతం. ఆ చలి మరణాల్లో కూడా ఎక్కువ భాగం విపరీతమైన చలి రోజులవి కాదు, ఓ మోస్తరు చలి రోజులవి. అందులో మన దేశం లేదు. అయితే మన దేశంలో ఇంటింటికీ వెళ్లి మరణాల కారణాలు సేకరించిన మిలియన్ డెత్ స్టడీ వివరాలతో 2018లో వచ్చిన విశ్లేషణ కూడా అదే చెప్పింది, ఓ మోస్తరు చలి వల్ల పోయేవాళ్లే ఎక్కువ అని. శరీరం ఏ వాతావరణానికి అలవాటుపడిందో దానికంటే తగ్గితే అది చలే. మే నెలలో 44 డిగ్రీలు చూసిన ఒంటికి 17 తక్కువేమీ కాదు.

లీడ్స్‌లో అంబాజీపేట అమ్మాయి (డిసెంబరు 29, ఉదయం 11:20)

అందరికీ నమస్కారం. మాది అంబాజీపేట, ప్రస్తుతం ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ దీన్ని చాలా ఏళ్లుగా లెక్కేస్తున్నారు కాబట్టి ఆ సంగతి రాస్తాను.

వీళ్లు చాలా ఏళ్లు వాడిన పద్ధతి చాలా తేలిక. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలల మరణాలు తీసుకుంటారు. దానికి ముందు నాలుగు నెలలు, తర్వాత నాలుగు నెలలు కలిపి సగం చేస్తారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది "చలికాలపు అదనపు మరణాలు". 2017-18 చలికాలంలో ఇంగ్లండ్, వేల్స్ కలిపి దాదాపు 50,100 అని తేలింది. 1975-76 తర్వాత అంత ఎక్కువ ఎప్పుడూ లేదు.

ఆశ్చర్యం ఏంటంటే, యూరప్‌లో బాగా చలి ఉన్న దేశాల్లో ఇది తక్కువ. 1988-97 మధ్య లెక్కల్లో ఫిన్లండ్‌లో చలికాలం మరణాల పెరుగుదల 10 శాతం, పోర్చుగల్‌లో 28 శాతం. ఫిన్లండ్‌లో ఇళ్లు చలి కోసమే కట్టారు, బయటికి వెళ్లేటప్పుడు ఒళ్లంతా కప్పుకుంటారు. పోర్చుగల్‌లో "మాకు చలి ఎక్కడిది" అనుకుని కట్టారు. వశిష్ఠ గారూ, మీ మాట చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

పేదరికం సంగతికొస్తే ఇక్కడ కూడా సూటిగా తేలలేదు. 1986-96 మధ్య మరణాలు చూసిన ఒక అధ్యయనంలో పేద వాడలకీ ధనిక వాడలకీ చలికాలపు పెరుగుదలలో పెద్ద తేడా కనపడలేదు. ఇంట్లో హీటింగ్ లేకపోవడంతో మాత్రం సంబంధం కనపడింది.

వశిష్ఠ (డిసెంబరు 29, మధ్యాహ్నం 12:05)

చూశారా, లీడ్స్ అమ్మాయి గారే చెప్పారు, అక్కడ పేదరికంతో తేడా లేదని. అంత పక్కాగా లెక్కలున్న దేశంలోనే తేలకపోతే మనం ఇక్కడ కళ్లతో చూసి ఎలా తేలుస్తాం?

లీడ్స్‌లో అంబాజీపేట అమ్మాయి (డిసెంబరు 29, మధ్యాహ్నం 3:30)

తేడా కనపడకపోవడానికి ఇక్కడ ఒక కారణం చెబుతారండి. పేదవాళ్లలో చాలామంది కౌన్సిల్ ఇళ్లలో, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్లలో ఉంటారు. అవి చిన్నవి, ఒకదాని గోడ ఒకటి ఆనుకుని ఉంటాయి, హీటింగ్ ఉంటుంది. సొంత పాత ఇల్లు, పెద్ద ఇల్లు ఉన్న ముసలావిడకి ఆస్తి లెక్కలో లోటు లేదు, గది మాత్రం చల్లగానే ఉంటుంది. అంటే వాడని బట్టి కొలిస్తే తప్పిపోతుంది, ఇంటిని బట్టి కొలిస్తే దొరుకుతుంది. 2011లో ఇక్కడి ప్రజారోగ్య నిపుణుడు మార్మట్ బృందం ఇచ్చిన నివేదికలో, చలికాలపు అదనపు మరణాల్లో అయిదో వంతుకి పైగా అతి చల్లటి పాతిక శాతం ఇళ్లకే ఆపాదించవచ్చని రాశారు.

మన డెల్టాలో పేదవాడికి వెచ్చటి కౌన్సిల్ ఇల్లు లేదు కదా. ఇక్కడ లేదని తేలింది కాబట్టి అక్కడా ఉండదు అనడం నాకు సరిగ్గా తోచడం లేదు.

ఇంకో సంగతి. ముసలివాళ్లకి హీటింగ్ ఖర్చు కోసం ఇక్కడ 1997 నుంచి డబ్బు ఇస్తున్నారు. 2024లో అందరికీ తీసేసి, బాగా పేద పెన్షనర్లకే అన్నారు. తమకి హక్కు ఉందని తెలియక అప్లై చేయనివాళ్లు బోలెడుమంది కాబట్టి అసలు పేదలే తప్పిపోయారని గొడవైంది. 2025లో 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి మళ్ళీ ఇచ్చారు.

సబ్‌సెంటర్ అక్క (డిసెంబరు 29, రాత్రి 8:10)

నేను రాజోలు వైపు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చేస్తున్నాను. పెద్ద లెక్కలు నాకు రావు కానీ ఇళ్లలోకి వెళ్లేది నేను. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

ముసలివాళ్ల మంచం ఎక్కడ వేస్తున్నారో చూడండి. ఒకే గది ఇల్లు. కొడుకు, కోడలు, పిల్లలు లోపల పడుకుంటారు. అమ్మమ్మో తాతయ్యో వసారాలో. మూడు వైపులా ఏమీ ఉండదు, ఓ పాత ఫ్లెక్సీ వేలాడగడతారు. కిందనించి కాలవ తేమ, పైనించి మంచు. అది ఎవరి తప్పూ కాదు, చోటు లేదు. వశిష్ఠ గారు చెప్పిన 20 డిగ్రీలు వాతావరణ కేంద్రంలో. తెల్లవారుజామున కాలవ గట్టు మీద వసారాలో ఎంతుంటుందో ఎవరూ కొలవలేదు.

ఇదివరకు తాటాకు ఇళ్లు. అగ్గిభయం ఉన్నా చలికాలం లోపల వెచ్చగా ఉండేది. ఇప్పుడు తాటాకు దొరకదు, నేసేవాళ్లు లేరు, రేకులు వేశారు. రేకు కింద రాత్రి మూడు దాటాక నీళ్లు చుక్కలు చుక్కలుగా దుప్పటి మీద పడతాయి. తడిసిన దుప్పటితోనే పడుకుంటారు.

బీపీ మాత్రలు మా దగ్గర ఊరికే ఇస్తాం, 104 బండి కూడా వస్తుంది. అయినా సంక్రాంతి ముందు చాలామంది మానేస్తారు. ఎందుకంటే ఆ నెలలో పని ఉంటుంది. కుప్పనూర్పులు, వెనకే దాళ్వా (రెండో పంట) ఊడ్పులు. బండి వచ్చే రోజు పొలంలో ఉంటారు, మాత్రలు అయిపోతాయి. "ఒంట్లో బాగానే ఉందమ్మా, పండగ అయ్యాక వస్తాను" అంటారు. సరిగ్గా బీపీ పెరిగే నెలలోనే మాత్ర ఆగిపోతోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇది ఆపగలిగింది.

ఊడ్పులకి వెళ్లేది ఆడవాళ్లు. జనవరిలో పొద్దున్నే మోకాళ్లదాకా చల్లటి బురదలో దిగి ఒంగి నాట్లు వేస్తారు. యాభై అయిదేళ్ల ఆవిడ, ఒంట్లో రక్తం లేదు, పొద్దున టీ తప్ప ఏమీ తాగదు. ఇంటికొచ్చాక కట్టెల పొయ్యి ముందు కూర్చుంటుంది. గ్యాస్ బండ ఉంటుంది, కానీ నీళ్లు కాచుకోవడానికి దాన్ని వాడరు, ఖర్చు. కొబ్బరి డొక్కలు, మట్టలు పెట్టి కాస్తారు. ఆ పొగ ఇన్నేళ్లుగా పీల్చిన ఊపిరితిత్తులకి ఓ జలుబు చాలు.

గౌతమి గారూ, అరవై రెండు పెద్దతనం ఎలా అవుతుందని అడిగారు. ఆ పేటలో అరవై రెండేళ్లకి ఒళ్లు ఎలా ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ఆకివీడు చెరువు (డిసెంబరు 29, రాత్రి 9:25)

ఆయ్, అక్క చెప్పింది నిజమేనండి. మా వైపు చెరువుల సంగతి రాస్తాను.

రొయ్యల చెరువు కాపలా అంటే రాత్రి నిద్రలేని పని. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో లేచి నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు చూడాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. గట్టు మీద చిన్న పాక, చుట్టూ నాలుగు వైపులా నీళ్లు. ఊళ్లో లేని మంచు అక్కడ ఉంటుంది. ఈ పనికి ఎవరొస్తారు? వేరే పని చేయలేని వయసువాళ్లు. అరవై దాటి, వీపు వంగి, పొలం పనికి పిలవనివాళ్లని "కూర్చునే పనే కదా" అని కాపలాకి పెడతారు. అంటే తట్టుకోలేని మనిషినే తీసుకెళ్లి బాగా చల్లగా ఉండే చోట కూర్చోబెడుతున్నాం.

పట్టుబడి కూడా రాత్రి పూటే. మూడింటికి వల దింపుతారు, గుండెలదాకా నీళ్లలో నడుస్తారు. సరుకు పొద్దున ఎండ రాకముందే ఐసులోకి వెళ్లాలి. షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లు గంటల తరబడి ఐసు నీళ్లలో చేతులు పెట్టి తడి గచ్చు మీద నిలబడతారు. వీళ్లలో చాలామంది ఒడిశా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. జబ్బు చేస్తే రైలెక్కించి పంపేస్తారు. వాళ్లలో ఎవరైనా పోతే అది మన రిజిస్టర్‌లోకి రాదు. ఈ చర్చలో వాళ్ల లెక్క ఎక్కడా ఉండదని గుర్తుపెట్టుకోండి.

నాకూ చిన్న చెరువు ఉంది. మా కాపలా ఆయనకి తలుపున్న గది కట్టించాను, మంకీ టోపీ, రగ్గు ఇచ్చాను. పెద్ద ఖర్చేమీ కాలేదు. లక్షల్లో పెట్టుబడి పెట్టే చెరువులో ఇది చేయలేమని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

టెంట్‌హౌస్ రావులపాలెం (డిసెంబరు 29, రాత్రి 10:02)

మాకు షామియానాలు, కుర్చీలు, వంట సామాను అద్దె వ్యాపారం. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు, ఖాళీగా ఉండాలి. కానీ పెద్దకర్మల ఆర్డర్లు డిసెంబరు ఆఖరు నుంచి మాఘమాసం దాకా తెంపు లేకుండా ఉంటాయి. మా నాన్న రోజుల్లోనూ అంతే. డబ్బున్న ఇళ్ల నుంచీ వస్తాయి, లేని ఇళ్ల నుంచీ వస్తాయి. నాకు తెలిసింది ఇంతే.

వశిష్ఠ (డిసెంబరు 30, ఉదయం 7:15)

అక్క గారు రాసింది చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. వసారా మంచం, ఆగిపోయిన మాత్రలు, ఇవన్నీ నిజమే. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. టెంట్‌హౌస్ గారు రెండు రకాల ఇళ్ల నుంచీ ఆర్డర్లు వస్తాయంటున్నారు. పేద ఇళ్లలో చావులు ఏడాది పొడుగునా ఎక్కువే. చలికాలంలో ఆ తేడా ఇంకా పెరుగుతోందా, లేక మామూలుగా ఉన్నంతే ఉంటోందా? ఇవి రెండూ వేరు. ఇది తేలకుండా చలికీ పేదరికానికీ ముడి వేయలేం.

లెక్కల మాస్టారు (డిసెంబరు 30, ఉదయం 9:30)

వశిష్ఠ గారు అడిగింది ఈ చర్చకంతటికీ కీలకం. పాలకొల్లులో లెక్కలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి, కాబట్టి కొంచెం కాగితం మీద పెడతాను.

మూడు వేల జనాభా ఊరు తీసుకుందాం. ఏడాదికి వెయ్యికి ఏడుగురు పోతారనుకుంటే 21 చావులు. నెలకి రెండు కూడా లేవు. ఒక డిసెంబరులో అయిదు వచ్చినా అది కాకతాళీయం కావచ్చు. కాబట్టి ఒక ఊరి అనుభవంతో ఏదీ తేలదు, అటూ తేలదు, ఇటూ తేలదు.

మండలం తీసుకోండి, 60 వేల జనం. ఏడాదికి 420 చావులు, నాలుగు నెలలకి 140. చలికాలంలో 15 శాతం పెరిగితే 21 అదనం. 140 మీద మామూలుగానే ఓ పన్నెండు అటూ ఇటూ ఊగుతుంది, అంచేత ఒక్క ఏడాదితో గట్టిగా చెప్పలేం. అయిదేళ్లు కలిపితే నాలుగు నెలల మొత్తం 700, అదనం 105, ఊగిసలాట 26 మాత్రమే. అప్పుడు నిజమైన పెరుగుదల ఉంటే బయటపడి తీరుతుంది.

ఇంగ్లండ్ సూత్రాన్ని అలాగే దింపుకుంటే మాత్రం మనకి ఒక చిక్కు. వాళ్లు ఏప్రిల్ నుంచి జూలైని పోలికకి తీసుకుంటారు. మనకి అందులో మే ఉంది. 2015 మేలో మన రాష్ట్రంలో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారని ప్రభుత్వమే ప్రకటించింది. ఎండకి పోయినవాళ్లు పోలిక నెలల్లో కలిస్తే చలికాలపు పెరుగుదల కాగితం మీద తక్కువగా కనిపిస్తుంది. అందుకని ఏప్రిల్, మే, జూన్ విడిగా పెట్టి, ఆగస్టు నుంచి నవంబరుతో పోల్చాలి. ఆ నెలల్లో వర్షాకాలం జ్వరాలుంటాయి, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. 2020, 2021 పక్కన పెట్టేయాలి, కరోనా మొత్తం తలకిందులు చేసేస్తుంది.

ఇక వశిష్ఠ గారి ప్రశ్న. పేటకీ ఊరికీ విడిగా చలికాలం మరణాల్ని మిగతా నెలలతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. రెండు నిష్పత్తులూ ఒకటే అయితే వశిష్ఠ గారు అన్నది నిజం, పేదలు ఎప్పుడూ ఎక్కువే పోతున్నారు, చలి అందరినీ ఒకేలా పట్టుకుంటోంది. పేట నిష్పత్తి ఎక్కువైతే గౌతమి గారు అన్నది నిజం. ఒకటే అయినా సరే, ఒకే శాతం పెరుగుదల ఎక్కువ చావులున్న చోట ఎక్కువ మనుషుల్ని తీసుకెళ్తుంది. ఆ మాట మర్చిపోకూడదు.

గౌతమి గట్టు (డిసెంబరు 30, ఉదయం 10:40)

మాస్టారూ, నమస్కారం. ఇలా కూర్చి చెప్పేవాళ్లు లేకే నాకు ఇన్నాళ్లూ ఎటూ తేలలేదు. ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది? పంచాయతీలో రిజిస్టర్ ఉంటుంది కదా?

సచివాలయం డెస్క్ (డిసెంబరు 30, మధ్యాహ్నం 1:50)

నేను పంచాయతీ కార్యదర్శిని, ఊరి పేరు రాయలేను. మరణాల నమోదు ఎలా జరుగుతుందో తెలియకుండా లెక్క తీస్తే తప్పుడు జవాబు వస్తుంది కాబట్టి రాస్తున్నాను.

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఎక్కడ ప్రాణం పోయిందో అక్కడే నమోదు. కాకినాడ పెద్దాసుపత్రిలో పోతే కాకినాడలో, రాజమండ్రిలో పోతే రాజమండ్రిలో. మీ ఊరి రిజిస్టర్‌లో ఉండేది ఇంట్లో పోయినవాళ్లు. ఆసుపత్రికి వెళ్లలేనివాళ్లు, "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని పంపించినవాళ్లు. దాన్ని పట్టుకుని పేదవాళ్లే ఎక్కువ పోతున్నారు అంటే అది సగం నిజమే అవుతుంది. ఆసుపత్రి రిజిస్టర్లలో శాశ్వత చిరునామా చూసి ఊరివారీగా కలిపితేనే లెక్క సరి.

కారణం గళ్లు ఇంకా కష్టం. ఆసుపత్రిలో పోతే డాక్టరు కారణం రాసి ఫారం 4 ఇస్తారు. ఇంట్లో పోతే చూసిన డాక్టరు ఫారం 4ఏ ఇవ్వాలి. పల్లెల్లో ఆఖరు రోజుల్లో చూసిన డాక్టరే ఉండడు, ఎవరిస్తారు? ఇంటివాళ్లు చెప్పిందే రాసుకుంటాం. వయోభారం, గుండెపోటు, ఆయాసం. పింఛను ఆగడానికి, బీమాకి, పొలం మార్పుకి సర్టిఫికెట్ కావాలి కాబట్టి తేదీ మాత్రం సరిగ్గా ఉంటుంది. ఆస్తి, బీమా ఏమీ లేని మనిషి పోతే నమోదు చేయించడానికి ఎవరూ రారు. మనం వెతుకుతున్న మనుషులే రిజిస్టర్‌లో తక్కువ పడతారు.

నా సలహా, కారణం జోలికి పోకండి. నెలవారీ సంఖ్యలు, వయసు, ఆడా మగా, ఇంట్లోనా ఆసుపత్రిలోనా. ఇవి చాలు. పేర్లు ఇవ్వం, ఇవ్వకూడదు కూడా. సంఖ్యలు సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

పల్మో రాజమండ్రి (డిసెంబరు 30, మధ్యాహ్నం 3:10)

డెస్క్ గారు చెప్పింది బంగారం లాంటి సంగతి. కారణం తెలుసుకోవడానికి కూడా ఒక దారి ఉంది. మిలియన్ డెత్ స్టడీలో పోయినవాళ్ల ఇంటికి వెళ్లి కుటుంబంతో మాట్లాడేవారు. జ్వరం ఉందా, దగ్గు ఎన్నాళ్లు, ఆయాసం ముందునుంచీ ఉందా, మాట పడిపోయిందా, ఒక పక్క చెయ్యి లేవలేదా, గుండెల్లో నొప్పి అన్నారా. ఆ జవాబుల్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం నిర్ణయించేవారు. మనం ఓ చిన్న రూపంలో చేసుకోవచ్చు. కాగితాలు మీరు పంపిస్తే చదవడానికి నేను సిద్ధం, నాతోపాటు మరొకరిని ఒప్పిస్తాను.

లంకల్లో ఇంకో అడ్డంకి ఉంది. పక్షవాతం వచ్చినప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికి ముందు స్కాన్ తీయాలి. తెల్లవారుజామున మంచులో పడవ కదలదు, రేవు దాటేసరికి రెండు గంటలు. 108 అవతలి గట్టు మీద నిలబడి ఉంటుంది. ఒకే జబ్బు, ఒకే చలి. వంతెన పక్కన ఉన్న మనిషి నడుస్తూ ఇంటికి వెళ్తాడు, లంకలో మనిషి మంచం పడతాడు లేదా పోతాడు.

లీడ్స్‌లో అంబాజీపేట అమ్మాయి (డిసెంబరు 30, సాయంత్రం 5:45)

డాక్టర్ గారూ, ఆ ప్రశ్నల్లో ఇల్లు కూడా కలపండి. పైకప్పు రేకా, స్లాబా, తాటాకా. మంచం లోపలా, వసారాలోనా. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు. పొయ్యి కట్టెలదా. ఆ వారంలో తెల్లవారుజామున పనికి వెళ్లారా. ఇక్కడ వాడని బట్టి కొలిచి ఏళ్ల తరబడి తేలని సంగతి మనకి తేలాలంటే ఇంటిని బట్టి అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చల్లటి దేశాల ఇళ్లకి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంది. ఓ చిన్న థర్మామీటర్ కొని అక్క గారు చెప్పిన వసారాలో వేలాడదీస్తే అక్కడ ఎంతుందో మనకే తెలుస్తుంది.

వశిష్ఠ (డిసెంబరు 30, సాయంత్రం 6:20)

థర్మామీటర్లు నేను కొంటాను. ఒకటి స్లాబు ఇంట్లో, ఒకటి రేకుల ఇంట్లో, ఒకటి వసారాలో, ఒకటి ఆకివీడు గారి గట్టు మీద. తెల్లవారుజామున నాలుగింటికి చూసి రాసుకోవాలి. పేటకీ ఊరికీ నిష్పత్తి వేరుగా ఉంటుందని నేనింకా అనుకోవడం లేదు, కానీ కొలవడానికి మాత్రం నేను ముందుంటాను.

సబ్‌సెంటర్ అక్క (డిసెంబరు 30, రాత్రి 8:35)

లెక్క తేలేలోగా ఈ జనవరి గడిచిపోతుంది కాబట్టి ఇప్పుడే చేయగలిగింది కొంత చెబుతాను. పండగకి ఇంటికొచ్చే పిల్లలు ఈ చర్చ చదువుతుంటే అమ్మానాన్నల మాత్రల డబ్బా తెరిచి చూడండి. అయిపోతే ఆ రోజే తెచ్చిపెట్టండి, ఫిబ్రవరి ఆఖరుదాకా సరిపడా. ధనుర్మాసం అని తెల్లవారకముందే చన్నీళ్ల తలస్నానం చేసే పెద్దావిడలకి ఎండ వచ్చాక, గోరువెచ్చటి నీళ్లతో చేయమని చెప్పండి. దేవుడేమీ అనుకోడు. చెవులకి, పాదాలకి గుడ్డ ఉండాలి. వసారా మంచం చుట్టూ ఫ్లెక్సీ బదులు తడక కట్టించండి.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు. ఆ విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గుండెల్లో బరువుగా ఉంటే గ్యాస్ అని సోడా తాగించి కూర్చోబెట్టకండి.

ఆకివీడు చెరువు (డిసెంబరు 30, రాత్రి 9:15)

వశిష్ఠ గారూ, థర్మామీటర్ పంపండి, గట్టు మీద లెక్క నేను రాస్తాను. మా వైపు చెరువు రైతుల వాట్సాప్ గ్రూపులో కాపలా గదుల సంగతి పెట్టాను. కొందరు సరేనన్నారు, కొందరు ఈసారి రేటు లేదు అన్నారు. మళ్ళీ అడుగుతాను.

గౌతమి గట్టు (డిసెంబరు 31, ఉదయం 8:00)

మా మండలానికి సమాచార హక్కు దరఖాస్తు నేను వేస్తున్నాను. 2022 జనవరి నుంచి 2025 డిసెంబరు దాకా, కరోనాకి ముందు 2018, 2019, నెలవారీగా. మాస్టారూ, మీరు చెప్పిన అయిదేళ్లకి ఇవి సరిపోతాయా? కాకినాడ, అమలాపురం ఆసుపత్రి లెక్కలకి వేరే దరఖాస్తు. పేటకీ ఊరికీ విడగొట్టడం ఎలాగో ఇంకా తోచలేదు, రిజిస్టర్‌లో చిరునామా ఊరి పేరు వరకే ఉంటుందేమో. డెస్క్ గారూ, వార్డు నంబరు ఉంటుందా?

మొగల్తూరు, సఖినేటిపల్లి, ఉప్పలగుప్తం వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, మూడు మండలాలైనా కలిస్తే బాగుంటుంది.

సచివాలయం డెస్క్ (డిసెంబరు 31, ఉదయం 9:10)

ఇంటి నంబరు రాసిన చోట వార్డు తెలుస్తుంది, రాయని ఎంట్రీలు చాలా ఉంటాయి. దరఖాస్తులో "వార్డు లేదా డోర్ నంబరు ఆధారంగా" అని అడగకండి, కుదరదని తిప్పి పంపేస్తారు. మొదట నెలవారీ మొత్తం తీసుకోండి. పేట సంగతికి అక్క లాంటి వాళ్ల దగ్గర ఇంటింటి సర్వే లిస్టులు ఉంటాయి, వాటితో పోల్చుకోవాలి.

లెక్కల మాస్టారు (డిసెంబరు 31, ఉదయం 9:45)

ఆరేళ్లు సరిపోతాయి గౌతమి గారూ. అంకెలు రాగానే నాకు పంపండి. సఖినేటిపల్లిలో నా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు, ఆ మండలం వాడితో వేయిస్తాను.